పొగను వదలని ఇంజినీర్

సూర్యాపేట బైపాస్ మీద రాత్రిపూట కాసేపు నిలబడండి. విజయవాడ వైపు వెళ్లే లోడు లారీ గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ మోతలోంచి సన్నగా ఈల లాంటిది లేస్తుంది. అది టర్బో శబ్దం. మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర బస్తాలు ఎత్తుకుని హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వచ్చి హైవే ఎక్కే లారీల్లో, మన వీధిలో తిరిగే డీజిల్ కార్లలో వినిపించేది అదే. ఆ ఈల వెనకున్న మనిషి పేరు మాత్రం మెకానికల్ చదివిన నాకే బీటెక్ అయిపోయేదాకా తెలీదు. ఆయన ఆల్ఫ్రెడ్ బ్యూకి.

ఆ పేరు తెలిసింది కూడా ఒక దెబ్బ తిన్నాకే. హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూ. టర్బో ఉన్న కారుకు సైలెన్సర్ పైపు ఏ సైజు పెట్టాలి, ఎందుకు అని అడిగారు. ఇంజిన్‌కు కొంత బ్యాక్ ప్రెషర్ అవసరం కాబట్టి పైపు మరీ పెద్దది పెట్టకూడదని ధీమాగా చెప్పేశా. ఎక్కడ చదివావని అడిగారు. నోరు పెగల్లేదు. ఎందుకంటే నేను చదవలేదు, ఎవరో అంటే విన్నా. ఇంటర్వ్యూ అక్కడితో ముగిసింది.

సూర్యాపేటలో బస్సు దిగి, తెలిసిన మెకానిక్ అన్న షెడ్డుకు వెళ్లా. బల్ల మీద విప్పిన టర్బో ఒకటి ఉంది. ఇంజిన్ పొగ అందులోకి వచ్చే రంధ్రం ఇరుగ్గా ఉంది, బయటికి పోయే దారి వెడల్పుగా ఉంది. ఎందుకలా అంటే, కంపెనీవాళ్లు అలాగే ఇస్తారు తమ్ముడూ అన్నాడు. ఆయనకు కారణం తెలీదు, నాకూ తెలీదు. ఆ రాత్రి వెతుకుతూ కూర్చుంటే బ్యూకి కనిపించారు. ఆ ‘ఎందుకు’ తేల్చడానికి ఆయనకు 20 ఏళ్లు పట్టింది.

ఇంజిన్ల ఊళ్లో పుట్టి...

బ్యూకి 1879 జులై 11న స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో పుట్టారు. అది ఫ్యాక్టరీల ఊరు. తండ్రి అక్కడి సుల్జర్ కంపెనీలో పెద్ద హోదాలో ఉండేవారు. చిత్రమేమిటంటే, అదే 1879లో టైఫాయిడ్ వచ్చి ఫైనల్ పరీక్ష తప్పిన ఒక జర్మన్ కుర్రాడు మళ్లీ పరీక్ష వచ్చేదాకా ఖాళీగా ఉండకుండా ఇదే సుల్జర్ ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటున్నాడు. పేరు రుడాల్ఫ్ డీజిల్. తర్వాత ఆయన కనిపెట్టిన ఇంజిన్‌నే బ్యూకి జీవితాంతం పట్టుకుని కూర్చున్నారు.

బ్యూకి జ్యూరిక్‌లోని ఫెడరల్ పాలిటెక్నిక్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. 1903లో పట్టా చేతికొచ్చింది. తండ్రి పెద్ద పోస్టులో ఉన్నా నేరుగా సొంతూరి కంపెనీలో కుర్చీ వేసుకోలేదు. బెల్జియం, ఇంగ్లండ్‌లలో ఉద్యోగాలు చేశారు. అక్కడే ఒక లెక్క ఆయన్ను పట్టేసింది.

వంద రూపాయల లెక్క

1897లో డీజిల్ తన ఇంజిన్‌ను పరీక్షిస్తే సామర్థ్యం సుమారు 26 శాతం వచ్చింది. ఆ రోజుల్లో అది గొప్ప విజయం. అదే లెక్కను వేరేలా చూడండి. 100 రూపాయల ఆయిల్ పోస్తే 26 రూపాయల పని జరిగింది, మిగతా 74 రూపాయలు వేడిగా వృథా అయ్యాయి. ఆ వృథాలో పెద్ద వాటా పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. ఇంజిన్ వదిలే పొగ వేడిగా ఉంటుంది, ఒత్తిడితో దూసుకొస్తుంది. అంటే అందులో ఇంకా పని చేసే శక్తి మిగిలే ఉంది. అందరూ దాన్ని ఎలా బయటికి పంపాలా అని చూస్తుంటే, బ్యూకి దానితో ఇంకా ఏం చేయించొచ్చా అని ఆలోచించారు.

1905 నవంబర్ 16న జర్మనీలో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. అప్పటికి ఆయన వయసు 26. డిగ్రీ వచ్చి రెండేళ్లే. ఆలోచన చెప్పడానికి తేలిక. బయటికి పోయే పొగ ఒక టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. దానితోపాటు తిరిగే కంప్రెసర్ బయటి గాలిని నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది. ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ ఇంధనం మండుతుంది. సిలిండర్ సైజు పెంచకుండానే పవర్ పెరుగుతుంది. ఈ రోజు కారు బ్రోషర్లలో కనిపించే టర్బో అనే మాటకు మూలం ఆ కాగితమే.

కాగితం మీద ఓకే, మరి షెడ్డులో?

పేటెంట్ వచ్చినంత తేలిగ్గా యంత్రం రాలేదు. మండే పొగలో వేగంగా తిరిగే బ్లేడ్లకు తగిన లోహాలు అప్పటికి సరిగ్గా లేవు. కంప్రెసర్ల సామర్థ్యమూ తక్కువే. పొగ ఇచ్చే శక్తి గాలిని నొక్కడానికే చాలనప్పుడు మొత్తం ఐడియా అర్థం లేనిదైపోతుంది.

బ్యూకి సొంతూరికి తిరిగొచ్చి సుల్జర్‌లో చేరారు. డీజిల్ ఇంజిన్ల పరిశోధన చూసుకుంటూ 1911లో టర్బో ప్రయోగాలు మొదలుపెట్టారు. 1915లో నమూనా ఇంజిన్ తయారైంది. కానీ సరిపడా గాలి ఒత్తిడిని నిలబెట్టలేకపోయింది. ఐడియా పుట్టి అప్పటికి పదేళ్లు. చేతిలో చూపించడానికి పనికొచ్చే యంత్రం ఒక్కటీ లేదు.

ఈలోగా మొదటి ప్రపంచ యుద్ధంలో టర్బోను వేరేవాళ్లు విమానాల కోసం పట్టుకున్నారు. ఫ్రాన్స్‌లో అగస్టే రాటో ఆ పని చేశారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్ శాన్‌ఫర్డ్ మాస్ 1918లో లిబర్టీ విమాన ఇంజిన్‌ను 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీదికి చేర్చి పరీక్షించారు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజిన్ పైన గాలి పలచబడి 230 దగ్గర ఆగితే, టర్బో దాన్ని మళ్లీ 350 దాటించింది. సూత్రం సరైనదేనని తేలింది. కానీ బ్యూకి పట్టుకున్న డీజిల్ ఇంజిన్ సమస్య అలాగే ఉంది.

జవాబు పైపులో దొరికింది

బ్యూకి 1925లో తీసుకున్న కొత్త పేటెంట్ దారి మార్చింది. ఈసారి ఆయన దృష్టి చక్రం మీదకన్నా పైపు మీద ఎక్కువగా పడింది.

సిలిండర్ లోంచి పొగ ఒకే ధారగా రాదు. వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ ఒక తన్నులా వస్తుంది. అన్ని సిలిండర్ల పొగను ఒకే పెద్ద గొట్టంలోకి వదిలితే ఆ తన్నులన్నీ కలిసిపోయి చప్పబడతాయి. మన సాగర్ ఎడమ కాలువ కింద రైతులకు ఇది చెప్పక్కర్లేదు. తూము నుంచి వదిలిన నీళ్లు సన్నటి పిల్లకాలువలో పడితే ఊపుగా పారతాయి. అవే నీళ్లు చెరువులో పడితే ఆ ఊపు అక్కడే పోతుంది.

అందుకే బ్యూకి పొగ గొట్టాలను విడగొట్టారు. ఒకదాని తన్ను ఇంకోదానికి అడ్డురాని సిలిండర్లను జతచేసి, ఒక్కో జతకు ఒక సన్నటి గొట్టం పెట్టి, వాటిని విడివిడిగా టర్బైన్ దాకా తీసుకెళ్లారు. రెండు తన్నుల మధ్య గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. సరిగ్గా ఆ క్షణంలో లోపలికి వచ్చే వాల్వు, బయటికి పోయే వాల్వు రెండూ కాసేపు తెరిచి ఉండేలా చూశారు. దాంతో కొత్త గాలి లోపలికొచ్చి మిగిలిన పొగను ఊడ్చేసింది, లోపలి భాగాలను చల్లబరిచింది. ఇప్పటి కార్లలో ట్విన్ స్క్రోల్ టర్బో అంటున్నది ఈ ఆలోచన వారసత్వమే. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అయితే 1, 4 ఒక జత, 2, 3 ఇంకో జత. ఇంటర్వ్యూలో అడిగే అవకాశమున్న పాయింట్ ఇది.

ఫలితం ముందుగా నీళ్ల మీద కనిపించింది. ప్రాయిస్సెన్, హాన్‌జెస్టాట్ డాన్‌జిగ్ అనే రెండు జర్మన్ ప్రయాణికుల ఓడలకు పది సిలిండర్ల డీజిల్ ఇంజిన్లు పెట్టారు. 1,750 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ టర్బోతో 2,500కు చేరింది. అంటే దాదాపు 43 శాతం ఎక్కువ. అవి 1926లో నడిచాయి. బ్యూకి సుల్జర్‌ను వదిలి వింటర్‌థూర్‌లోనే ఉన్న స్విస్ లోకోమోటివ్ కంపెనీకి మారారు. బ్రౌన్ బొవేరి కంపెనీ కూడా కలిసి బ్యూకి సిండికేట్ ఏర్పడింది. ఇంజినీరింగ్, కస్టమర్ల వ్యవహారం బ్యూకిది, టర్బోల తయారీ బ్రౌన్ బొవేరిది, పరీక్షలకు ఇంజిన్లు లోకోమోటివ్ కంపెనీవి. ఒంటరిగా తేలని పని ముగ్గురూ పంచుకుంటే తేలింది.

1938లో సౌరర్ కంపెనీ టర్బో డీజిల్ లారీని తెచ్చింది. అదే ఏడాది తను చదివిన జ్యూరిక్ సంస్థ బ్యూకికి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1959 అక్టోబర్ 27న పుట్టిన ఊళ్లోనే కన్నుమూశారు. మామూలు జనం కొనుక్కునే టర్బో కార్లు అమెరికాలో వచ్చింది 1962లో. వాటిని ఆయన చూడలేదు.

ఇక మన సైలెన్సర్ సంగతి

ఇప్పుడు నన్ను ఇంటి దారి పట్టించిన ప్రశ్నకు జవాబు. టర్బైన్ తిరిగేది దాని ముందున్న ఒత్తిడికీ వెనకున్న ఒత్తిడికీ మధ్య తేడా వల్ల. ముందు వైపు తన్ను చచ్చిపోకూడదు, అందుకే అక్కడ దారి ఇరుకు, దూరం తక్కువ. వెనక వైపు పొగ పని అయిపోయింది. అక్కడ ఏది అడ్డొచ్చినా ఆ తేడా తగ్గుతుంది, టర్బో ఆలస్యంగా అందుకుంటుంది. టర్బో లేని ఇంజిన్‌లో పైపు మరీ పెద్దదైతే పొగ వేగం తగ్గి, సిలిండర్ ఖాళీ అవడానికి దొరికే సాయం తగ్గుతుంది. ఇంజిన్‌కు బ్యాక్ ప్రెషర్ కావాలి అనే మాట పుట్టింది అక్కడే. టర్బో వెనక మాత్రం దాని వల్ల లాభమేమీ లేదు.

ఒక అంచనా లెక్క వేద్దాం. 100 హార్స్‌పవర్ టర్బో పెట్రోల్ ఇంజిన్ ఫుల్ లోడులో సెకనుకు సుమారు 80 గ్రాముల పొగ వదులుతుంది. దాని వేడి 700 డిగ్రీల సెల్సియస్ అనుకుంటే అది సుమారు 220 లీటర్లు. 2 అంగుళాల పైపులో దాని వేగం సెకనుకు 110 మీటర్లు. రెండున్నర అంగుళాల్లో 70. మూడు అంగుళాల్లో 49. అడ్డంకి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 2 నుంచి రెండున్నరకు వెళ్తేనే అది 41 శాతానికి పడిపోతుంది. ఆ తర్వాత తగ్గడానికి మిగిలింది కొద్దే. బరువు, మోత, కారు కింద చోటు సమస్య మాత్రం పెరుగుతాయి. పెద్దదే మంచిది అనే మాట కూడా ఒక హద్దు వరకే.

సైలెన్సర్ కొలత పైపు కొలతకు తగ్గకూడదు. లోపల గదులు ఉండి పొగను మలుపులు తిప్పేది మోత బాగా తగ్గిస్తుంది, అడ్డంకి ఎక్కువ. చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ వూల్ చుట్టి పొగను నేరుగా పంపేదాంట్లో అడ్డంకి తక్కువ. కొంత మోతను టర్బైనే మింగేస్తుంది కాబట్టి టర్బో కారుకు ఈ రెండో రకం నప్పుతుంది. వంపు దగ్గర పైపు నలిగితే కొన్న సైజు అక్కడే వృథా.

అయితే ఈ లెక్క చదివి మీ కారు సైలెన్సర్ విప్పకండి. షోరూమ్ నుంచి వచ్చిన కారులో ఆ పవర్‌కు తగిన పైపు సైజు అక్కడి ఇంజినీర్లు ముందే లెక్క కట్టారు. ఒక్క సైలెన్సర్ మారిస్తే దాదాపుగా పెరిగేది మోతే. బీఎస్-6 బండ్లలో పొగను శుభ్రం చేసే భాగాలు ఆ దారిలోనే ఉంటాయి. వాటిని తీసేయడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. పదో పదిహేనో వేలు అక్కడ పోసే బదులు కోర్సు ఫీజు కట్టుకోవచ్చు.

నా తర్వాతి ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న రాలేదు. నీకు బాగా తెలిసిన యంత్రం ఒకటి చెప్పమన్నారు. టర్బో బొమ్మ గీసి, ముందు ఇరుకు ఎందుకు, వెనక వెడల్పు ఎందుకు చెప్పా. మధ్యలో రెండు చోట్ల తడబడ్డా. అయినా ఎక్కడ చదివావని మాత్రం ఎవరూ అడగలేదు.

నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న మీకు బ్యూకి కథ ఓపిక పాఠంలా అనిపించొచ్చు. నాకు మాత్రం ఇంకోటి కనిపిస్తుంది. 1915లో నమూనా పని చేయనప్పుడు ఆయన ఐడియాను వదల్లేదు, అలాగని అదే పనిని మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చోలేదు. పొగ ఎలా వస్తోందని మళ్లీ మొదటి నుంచి చూశారు. మనకూ రిజల్ట్ రానప్పుడు ఇంకో అప్లికేషన్ పెట్టే ముందు ఆ చూపు కావాలి. ఈ వారం మీ బ్రాంచికి సంబంధించిన వస్తువు ఒక్కటి తీసుకోండి. మిల్లులో మోటారో, ఇంట్లో ఇన్వర్టరో, షెడ్డులో టర్బోనో ఏదైనా సరే. అది ఎందుకు ఆ సైజులో ఉందో అయిదు వాక్యాల్లో రాయండి. ఎక్కడ పెన్ను ఆగిందో అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టండి.