49 ఏళ్ళు పాఠం చెప్పిన ట్రాంబోన్ గురువు

కొడాక్ కెమెరా పేరు వినని ఇల్లు ఒకప్పుడు అరుదు. ఆ కంపెనీ స్థాపకులు జార్జ్ ఈస్ట్‌మన్ అమెరికాలోని రోచెస్టర్ నగరంలో 1921లో ఒక సంగీత కళాశాలను నెలకొల్పారు. మరుసటి ఏడాదే అందులో చేరి, కడదాకా అక్కడే పాఠం చెప్పిన ధన్యజీవి ఎమరీ రెమింగ్టన్.

1892లో జన్మించిన రెమింగ్టన్ గారి వాద్యం ట్రాంబోన్. ఊదే ఇత్తడి వాద్యమే గాని, దీనికి వేళ్ళతో నొక్కే మీటలు ఉండవు. పొడవాటి గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరిపి ఏడు స్థానాలలో స్వరాలు పలికించాలి. స్థానానికి గుర్తులేమీ ఉండవు. చెవీ చెయ్యీ కలిసి పనిచేయాలి.

1923 నుండి 1949 వరకు ఆయన రోచెస్టర్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో వాయించారు. ఈ కొలువులో కష్టం వాయించడం కన్నా వేచి ఉండడంలో ఎక్కువ. బ్రామ్స్ మొదటి సింఫనీనే చూడండి. మొదటి మూడు భాగాలలో ట్రాంబోన్లకు ఒక్క స్వరమైనా లేదు. అంతసేపూ ఊరక కూర్చుని, నాలుగో భాగంలో మెత్తగా, శ్రుతి తప్పకుండా అందుకోవాలి. ముందుగా సాధకం చేసి ఉండకపోతే అది సాధ్యం కాదు.

ఆ సాధకానికే రెమింగ్టన్ గారు ఒక చక్కని పద్ధతి ఏర్పరచారు. ఒక స్వరం నుండి బయలుదేరి, గొట్టాన్ని ఒక్కొక్క స్థానమే జరుపుతూ, ప్రతిసారీ మొదటి స్వరానికి తిరిగి రావాలి. మన సరళీ స్వరాల వలె చూడడానికి సులువే. చేయగా చేయగా దాని లోతు తెలుస్తుంది. బలం ఉపయోగించి ఊదరాదని, గొంతెత్తి పాడినంత సహజంగా వాయించాలని ఆయన బోధ. పాఠం జరుగుతుంటే తానూ శిష్యులతో గొంతు కలిపి పాడేవారు. శిష్యులు ఆయనను ప్రేమగా 'చీఫ్' అని పిలుచుకునేవారు.

1949లో ఆర్కెస్ట్రా కొలువు ముగిసేనాటికి ఆయన వయసు 56. మనలో ఎందరో కార్యాలయానికి చివరి నమస్కారం పెట్టిన వయసు దాదాపు అదే కదా! వేదిక దిగారు గాని పాఠం మానలేదు. మరో 22 ఏళ్ళు బోధిస్తూనే ఉండి, 1971 డిసెంబరులో కన్నుమూశారు.

ఆయన శిష్యులు పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలలో స్థానం సంపాదించారు. లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్‌లో ప్రధాన ట్రాంబోన్ వాద్యకారుడిగా పనిచేసిన రాల్ఫ్ సావర్ వారిలో ఒకరు. మరో శిష్యుడు డొనాల్డ్ హన్స్‌బర్గర్ గురువుగారి అభ్యాసాలను కూర్చి 1980లో గ్రంథంగా వెలువరించారు. ఆయనను ఎన్నడూ చూడని విద్యార్థులు సైతం నేడు ఆ అభ్యాసాలతోనే రోజు మొదలుపెడుతున్నారు.

కొలువుకు విరమణ ఉంటుంది. నేర్చిన విద్యను నలుగురికీ పంచేవారికి విరమణ లేదు. రెమింగ్టన్ గారి జీవితం మనకు చెప్పేది ఇదే.