డిచ్‌పల్లి వైద్యురాలు ఇసబెల్ కెర్

వ్యాధి నయమైనంత మాత్రాన వేదన తీరిపోదు. కుష్ఠువ్యాధి నరాలను దెబ్బతీస్తుంది. మందులతో క్రిములు నశించిన పిదప కూడా కొందరిని నరాల పోటు ఏళ్ళ తరబడి బాధిస్తుంది. అట్టి దీర్ఘవేదనకు ఒక్కరి వైద్యం చాలదని డాక్టర్ ఇసబెల్ కెర్ జీవితం చాటుతున్నది.

ఆమె 1875లో స్కాట్లండులో జన్మించారు. 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య పూర్తిచేశారు. 1907లో భర్త జార్జి కెర్‌తో కలిసి హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. మన మడికొండ వలెనే నిజామాబాదు కూడా ఆనాడు నిజాం ఏలుబడిలోనిదే. అక్కడ సాధారణ రోగులకు చికిత్స చేస్తుండగా, ఊరివారూ అయినవారూ వెలివేసిన కుష్ఠురోగుల దుస్థితి ఆమె కంటబడింది. 1911 నాటికి వారి కొరకు చిన్న చికిత్సాకేంద్రం నెలకొల్పారు. రాజా నర్సాగౌడు ఉదారంగా విరాళమిచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠువ్యాధి ఆసుపత్రి వెలసింది.

అక్కడ సేవ పలువురి చేతులమీదుగా సాగింది. చికిత్స ఇసబెల్‌ది, కట్టడాలు, నిర్వహణ జార్జిగారివి, ధనం దాతలది. రోగులు సైతం ఊరక కూర్చొనక శక్తికొలది పనిచేశారు. వెలిపడినవానికి పని దొరకడమంటే పోయిన గౌరవం తిరిగి లభించడమే.

1920వ దశకంలో కలకత్తాలో పరిశోధన సాగించిన డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ పద్ధతిని అనుసరించి, ఆమె హిడ్నోకార్పస్ గింజల నూనెతో చేసిన మందును సూదిద్వారా ఎక్కించేవారు. ఆ సూదిపోటు బాధాకరం. చికిత్స దీర్ఘకాలం సాగేది. వైద్యురాలిపై నమ్మకం లేనిదే రోగి మరల మరల చేయి చాపడు. ఆ నమ్మకమే ఆమె ఆర్జించిన సంపద. 1923లో ప్రభుత్వం ఆమెకు కైసర్-ఎ-హింద్ పతకం బహూకరించింది. 1932లో ఆమె కన్నుమూశారు. ఆసుపత్రి సేవ మాత్రం ఆగలేదు.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన తరువాత కుష్ఠువ్యాధి పూర్తిగా నయమయ్యే జబ్బు అయింది. అయినను నరాల పోటు, స్పర్శ లేని పాదాల పుండ్లు, లోకుల జంకు కొందరిని విడువలేదు. వారికి వైద్యునితోబాటు నర్సు, వ్యాయామ చికిత్సకుడు, తగిన చెప్పులు కుట్టే పనివాడు, ఓపికగల కుటుంబం కావాలి. వీరిలో ఏ ఒక్కరు లోపించినా బాధ మిగిలే ఉంటుంది.

విద్యార్థులారా! మనలో అందరమూ వైద్యులము కాలేము. కాని బాధితుని ప్రక్కన జంకులేక కూర్చొనగల మనిషి ఆ బృందంలో తప్పక ఉండాలి. ఆ స్థానానికి పట్టాతో పని లేదు.