డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ

ధర్మపురి అనగానే తెలుగువారికి గోదావరి ఒడ్డున వెలసిన నరసింహక్షేత్రం మనస్సులో మెదలుతుంది. మనం కాపురముంటున్నది తమిళనాటి ధర్మపురి. ఇచ్చట 2008లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది. మన యిండ్ల ఆడపిల్లలు డాక్టర్లుగా, నర్సులుగా ఆసుపత్రులలో అడుగుపెడుతున్న ఈ రోజులలో, ఉగాది సంచికకు ఒక హైదరాబాదు వైద్యురాలి జీవితాన్ని ఎంచుకున్నాము.

రూపాబాయి పార్శీ వనిత. 1885లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చేరిన అయిదుగురు స్త్రీలలో ఆమె ఒకరు. ఆడవారు గడప దాటడమే గొప్పగా ఎంచే కాలమది. 1889లో హకీం పట్టా పొందారు. పాఠశాలకు అధిపతియైన రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వద్ద క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరారు. మత్తు వైద్యమే వృత్తిగా చేసుకున్న తొలి మహిళగా ఆమెను వైద్య చరిత్రకారులు పేర్కొంటారు.

క్లోరోఫారం వల్ల కొందరు రోగులు ఆపరేషన్ బల్లమీదనే మరణించేవారు. ముందు ఆగేది గుండెయా, ఊపిరియా అని వైద్యలోకం వాదించుకొనేది. దీనిని తేల్చడానికి 1888, 1889లలో హైదరాబాదులో రెండు సంఘాలు పరిశోధనలు జరిపాయి. రెండవదానికి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేయగా, లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చారు. ఈ కృషిలో రూపాబాయి కూడా పాలుపంచుకున్నారు. రోగి ఊపిరినే కనిపెట్టి ఉండవలెనని సంఘం తీర్పు చెప్పింది. గుండెకు కూడా ముప్పు కలదని 1911లో లీవీ నిరూపించారు.

అందరి చూపూ రోగి ఊపిరి మీదనే. మరి మత్తు ఇచ్చేవారి ఊపిరి మాట? ఆ రోజులలో గుడ్డమీద క్లోరోఫారం పోసి రోగి ముక్కు వద్ద పట్టేవారు. రోగి పీల్చగా మిగిలినది గదిలోనే కలిసేది. తలాపున ఉన్నవారు దానినే పీల్చేవారు. గదిలో దీపపు మంట ఉంటే క్లోరోఫారం ఆవిరి విడిపోయి, ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టేది. అటువంటి వృత్తిలో రూపాబాయి 1917 వరకు, అనగా ఇరువది యెనిమిదేండ్లు, పనిచేశారు. నడుమ 1909లో ఎడింబరో వెళ్లి భౌతిక, రసాయన శాస్త్రాలు చదివారు. తాను వాడే వాయువుల స్వభావం తెలియాలన్నదే ఆ ప్రయాణానికి కారణం. చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంటుగా 1920లో విరమించారు.

ఇచ్చేవారి ఊపిరిని లోకం పట్టించుకున్నది చాలా ఆలస్యంగా. 1967లో రష్యాలో వైజ్మన్ 110 మంది మహిళా మత్తు వైద్యులను విచారించగా, 31 గర్భాలలో 18 నిలువలేదని తేలింది. ఆ లెక్కను తరువాతివారు ప్రశ్నించినా, విచారణ మాత్రం ఆగలేదు. 1977లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి హద్దులు సూచించింది: పది లక్షల పాళ్ల గాలిలో నైట్రస్ ఆక్సైడు 25 పాళ్లు, హాలోథేన్ వంటివి 2 పాళ్లు మించరాదు. మిగిలిన వాయువును గొట్టంద్వారా గది బయటికి పంపడం, గాలిని తరచు మార్చడం, ముసుగు బిగువుగా అమర్చడం, గొట్టాల లీకులు చూచుకోవడం, ఇవే ఉపాయాలు.

ఆపరేషన్ గదిలో పనిచేసే మన అమ్మాయిలు, అబ్బాయిలు ఉద్యోగంలో చేరిన మొదటి రోజుననే ఆ గొట్టం ఉన్నదా, పనిచేస్తున్నదా అని అడగాలి. ముఖ్యంగా గర్భిణులు మొహమాటపడరాదు. అడగడం అవిధేయత కాదు. తాను పట్టిన మందు గుణం తెలుసుకోవడానికి సముద్రాలు దాటిన రూపాబాయి అడుగుజాడ అది. అందరికీ ఉగాది శుభాకాంక్షలు.