మాటల రచయిత పింగళి నాగేంద్రరావు

చలనచిత్రము చూచి వచ్చినవారు నటీనటుల పేర్లు తప్పక చెప్పుదురు. ఆ నటుల నోట పలికిన మాటలు వ్రాసినదెవరని అడిగినచో పలువురు మౌనము వహింతురు. అట్లు తెరవెనుకనే యుండి, తెలుగువారి నిత్యసంభాషణములోనికి క్రొత్త పదములను తెచ్చిన రచయిత శ్రీ పింగళి నాగేంద్రరావుగారు. వారి జీవితమును మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును పరిచయము చేయ దలచితిమి.

పింగళివారు 1901వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన బొబ్బిలికి చేరువనున్న రాజాములో జన్మించిరి. పెరిగినది బందరులో. అచ్చటి ఆంధ్ర జాతీయ కళాశాలలో యంత్రవిద్య నభ్యసించి, వంగదేశమునందలి ఖరగపూరులో రైల్వే ఉద్యోగము చేసిరి. చేతులు యంత్రములపై నున్నను మనస్సు సాహిత్యముపై నుండెను. కావున ఆ కొలువు విడిచి బందరు చేరి కృష్ణాపత్రికలో పనిచేసిరి. ద్విజేంద్రలాల్ రాయ్ వంగ నాటకములను తెనిగించిరి. 'జేబున్నీసా', 'వింధ్యరాణి' మున్నగు నాటకములను స్వయముగా రచించిరి. వివాహము చేసికొనక జీవితమంతయు రచనకే అర్పించిరి.

'వింధ్యరాణి' 1948లో చలనచిత్రమయ్యెను. 1949లో కె.వి. రెడ్డిగారి 'గుణసుందరి కథ', 1951లో విజయా సంస్థవారి 'పాతాళభైరవి' వెలువడెను. ఈ చిత్రములతో పింగళివారి పేరు ఊరూర మ్రోగినప్పుడు వారి వయస్సు ఏబదికి చేరువ. ఆలస్యమైనదని నిరాశపడువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

1957లో వచ్చిన 'మాయాబజార్' వారి ప్రతిభకు శిఖరము. పాండవుల బంధువర్గము చుట్టును కథ తిరుగుచున్నను, పాండవులు ఒక్కమారైనను తెరపై కనబడరు. చూచువారికి ఆ లోటు తోచదు. ఇక మాటల చమత్కారము చూడుడు. సంస్కృతమున 'అస్మదీయ' యనగా మనకు చెందినది. ఆ పదము రాక్షసుల నోట 'అసమదీయులు' అయినది. దానికి ఎదురుగా పగవారికి 'తసమదీయులు' అను క్రొత్త పేరు పుట్టినది. ఏ నిఘంటువునందును లేని ఈ మాటకు ఘటోత్కచుడు కోపగించుకొనక, వీరతాడు వేయించి గౌరవించును. నాటినుండి నేటివరకు ఈ పదములు తెలుగువారి యిండ్లలోను, పత్రికలలోను జీవించుచునే యున్నవి.

ఈ మాటలన్నియు పుట్టిన తావేదో ఆలోచింపుడు. 1953లో ఆంధ్ర రాష్ట్రము వేరుపడెను. మదరాసు నగరము తమిళుల రాజధానిగా నిలిచెను. అయినను విజయావారి చిత్రములు ఆ మదరాసులోనే తయారయ్యెను. 'మాయాబజార్' తెలుగున, తమిళమున రెండింటను నిర్మింపబడెను. ఒకే ఆవరణలో రెండు భాషలవారు కలసి పనిచేసిరి. ఇరుగున తమిళ మున్నంత మాత్రమున పింగళివారి తెలుగు వాడిపోలేదు. భాషను నిలుపునది రాష్ట్రపు టెల్ల కాదు, దానిని ప్రేమతో పలుకువారు మాత్రమే.

మన మత్తిగిరి పిల్లలు తమిళము, కన్నడము వినుచు తెలుగు పలుకుదురు. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో, మా నోట వచ్చిన ఈ సీమ మాటలు విని తోటివారు నవ్వినప్పుడు మేమును సిగ్గుపడితిమి. నేడు ఆ సిగ్గు లేదు. అవ్వతాతలు పలుకు మాట పుస్తకములో లేదని దానిని తప్పుగా నెంచవలదు. విద్యార్థులారా! అట్టి మాట విన్నప్పుడు అర్థముతోకూడ వ్రాసి యుంచుడు. తల్లిదండ్రులారా! ఇంట పిల్లలతో తెలుగుననే మాటలాడుడు.

పింగళివారు 1971వ సంవత్సరము మే 6వ తేదీన కీర్తిశేషులైరి. 2010లో 'మాయాబజార్' రంగులు దిద్దుకొని మరల ప్రదర్శింపబడెను. రంగులు క్రొత్తవి, మాటలు మాత్రము పింగళివారివే. వానికి మెరుగు పెట్టవలసిన అవసరము ఎవరికిని కలుగలేదు.