పాటన్ ట్యాంకుల ముంగట దర్జీ కొడుకు

పొద్దుగాల్నే రోడ్డు పొంటి ఉరుక్కుంట ఫౌజు సెలక్షన్లకు తయారైతున్న తమ్ముళ్లకు అబ్దుల్ హమీద్ పేరు ఎరికే. పోటీ పరీక్షల పుస్తకంల ఒక్క లైనుంటది: 1965 యుద్ధం, పరమవీర చక్ర, చనిపోయినంక ఇచ్చిండ్రు. ఆ లైను వెనకాల ఉన్న మనిషి సంగతి మాత్రం ఎవ్వరు చెప్పరు.

ఉత్తరప్రదేశ్‌ల గాజీపూర్ జిల్లా, ధాముపూర్ ఊరు. 1933 జులై 1న పుట్టిండు. తండ్రి దర్జీ. కొడుకు గూడ మిషిన్ తొక్కి బట్టలు కుట్టినోడే. 1954 డిసెంబర్ల గ్రెనేడియర్స్ రెజిమెంట్ల చేరిండు. 1962ల చైనా ఫౌజు మీదవడ్డప్పుడు ఆయన బెటాలియన్ నామ్‌కా చూ వాగు కాడ ఉండె. ఆ ఓటమి ఆయన కండ్ల ముంగటనే అయ్యింది.

1965 నాటికి హవల్దార్ అయిండు. కంపెనీ సామాన్లు, స్టోరు లెక్కలు చూసే పని. అంతకుముందు మాత్రం ఏండ్లకేండ్లు ట్యాంకులను కొట్టే తుపాకి మీద చేసిండు. సెప్టెంబర్ల పాకిస్తాన్ ట్యాంకులు పంజాబ్‌ల ఖేమ్‌కరణ్ దిక్కు వచ్చేసరికి ఆ తుపాకుల దళానికి పెద్దదిక్కు లేకపాయె. స్టోరు హవల్దారును పిలిచి అప్పజెప్పిండ్రు.

ఆ తుపాకి ఎట్లుంటదో తెలిస్తేనే ఆయన చేసింది సమజైతది. పేరు 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్. గుండు ముందుకు పోతుంటే మంట, గాలి వెనకకు తన్నుకొస్తయి. అందుకే అది ఎదురు తన్నది, ఉత్త జీపు మీదనే బిగియ్యొచ్చు. కాని ఒక్కసారి పేలిందంటే వెనకాల లేసిన దుమ్ము, మంట చూసి దుష్మన్‌కు జాగ దొరికిపోతది. కొట్టాలె, వెంటనే జాగ మార్చాలె. అటు అమెరికా ఇచ్చిన పాటన్ ట్యాంకు, నిండ ఇనుప కవచం. ఇటు జీపుకు రేకు తప్ప అడ్డమేం లేదు.

చీమా ఊరి కాడ, అసల్ ఉత్తర్ చుట్టుపక్కల చెరుకు తోటలల్ల హమీద్ కాసుక్కూసున్నడు. ట్యాంకు బాగ దగ్గరికొచ్చేదాక కొట్టలే. కొట్టినంక జీపును ఇంకో మూలకు తిప్పించిండు. మొండి ధైర్యం అని సినిమాల లెక్క చెప్తరు గాని, నన్నడిగితే అది పనితనం. జీపు నడిపినోళ్లు, గుండ్లు నింపినోళ్లు గూడ ఆ పనిల ఉన్నోళ్లే. వాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? సెప్టెంబర్ 10న ఇంకో ట్యాంకుతోని ఎదురుపడ్డప్పుడు దాని గుండు జీపుకు తగిలింది. 32 ఏండ్లకే పోయిండు.

ఎన్ని ట్యాంకులు కొట్టిండని ఇప్పటికీ కొట్లాటనే. అవార్డు కాగితంల లెక్క తక్కువ. తర్వాత వచ్చిన పుస్తకాలల్ల ఏడు, కొన్నిట్ల ఎనిమిది. కాలువ తెంపి నీళ్లిడిచిన పొలాలల్ల, బురదల దిగబడి, పాకిస్తాన్ పోగొట్టుకున్న ట్యాంకులు 90కి పైగనే. అండ్ల ఆయనవి మూడైనా ఏడైనా, జీపు మాత్రం ఒక్కటే. ముసల్మాన్ల దేశభక్తికి సర్టిఫికెట్ అడిగేటోళ్లు ఈ లెక్క గూడ ఒకసారి చూసుకుంటే మంచిది.

ఆ యుద్ధంల పరమవీర చక్ర ఇద్దరికే వచ్చింది. రెండో ఆయన ఆర్దేశిర్ తారాపోర్, మన నిజాం ఫౌజుల కొలువు మొదలువెట్టిన మనిషి. ఆయనదీ చనిపోయినంక ఇచ్చిందే.

1966 జనవరి 26న రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదికెల్లి ఆ పతకం హమీద్ భార్య రసూలన్ బీబీ తీసుకున్నది. నలుగురు కొడుకులు, ఒక బిడ్డ. భర్త సమాధి అక్కడ అసల్ ఉత్తర్ల, ఆమె ఇక్కడ గాజీపూర్ జిల్లాల. యాభై ఏండ్లు దాటినంక, 2017 సెప్టెంబర్ 10న, ఆర్మీ చీఫ్ బిపిన్ రావత్ గాజీపూర్ జిల్లాకొచ్చి హమీద్‌కు దండం పెట్టిండు. ఆమె 2019 ఆగస్టుల కన్నుమూసింది.