విలియం మల్‌హాలండ్

లాస్ ఏంజెలెస్ నగరమునకు నీరు తెచ్చిన విలియం మల్‌హాలండ్ చరిత్రము ఇంజనీర్లకే గాక న్యాయవాదులకును పఠనీయమని మా తలంపు.

ఆయన 1855లో ఐర్లండునందలి బెల్‌ఫాస్టున జన్మించెను. పదునైదేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి ఓడ యెక్కి, 1877లో లాస్ ఏంజెలెస్ చేరి, మఱుసటియేట కాలువ బాగుచేయు కూలిగా కుదిరెను. కళాశాల మెట్లెక్కినవాడు కాడు. పగలు పార పట్టి, రాత్రులు గణితమును జలశాస్త్రమును స్వయముగా నేర్చి, తుదకు ఆ నగరపు నీటిశాఖకు ప్రధాన ఇంజనీరయ్యెను. ఓవెన్స్ లోయనుండి 233 మైళ్ల కాలువను, ఒక్క పంపైనను లేక కేవలము వాలుచేతనే నీరు పారునట్లు, 1913లో పూర్తిచేసెను. దూరపు నదినీటికై ఎదురుచూచు నగరముల అవస్థ చెన్నపట్టణవాసులకు మేము చెప్పనక్కఱలేదు. ఆ లోయ రైతుల నీటిహక్కులు ఏ విధమున కొనబడెనో అది వేఱు కథ. వారి ఆగ్రహము 1924లో కాలువకు డైనమైట్ పెట్టువఱకు పోయెను.

కాలువ తెగినను నగరమునకు ఒక యేటికి చాలినంత నీరు నిలువయుండవలెనని మల్‌హాలండ్ సెయింట్ ఫ్రాన్సిస్ కట్టను తలపెట్టెను. అది 1926లో పూర్తియయ్యెను. చోటు చూడుడు. తూర్పుగట్టు అభ్రకముతో గూడి పొరలుపొరలుగా విడిపోవు రాయి. ఆ పొరలు లోయవైపునకే వాలియుండెను. పడమటిగట్టు గులకరాళ్లును మన్నును కలిసి గట్టిపడిన యెఱ్ఱరాయి. రెంటి నడుమ పూర్వమెన్నడో భూమి చీలి జరిగిన పగులు. ఎఱ్ఱరాయి ఎండియున్నంతసేపు గట్టిగనే తోచును. నీట వేసిన కొంతసేపటికే విడిపోయి బురదయగును. తూర్పుగట్టు బలహీనతను ఆయన 1911 నివేదికలో తానే వ్రాసియుండెను! ఐనను కట్టుచుండగనే ఎత్తును రెండుమారులు పదేసి అడుగులు పెంచిరి. అడుగుభాగపు వెడల్పు మాత్రము పెంచలేదు. పునాదిలోనికి చొరబడిన నీరు కట్టను పైకెత్తును. దానిని తీసివేయు ఏర్పాటు మధ్యభాగమునకే చేసిరి, గట్లవద్ద చేయలేదు.

బయటివారి స్వతంత్ర పరిశీలన జరుగలేదు. ఆనకట్టలపై రాష్ట్ర ఇంజనీరునకు అధికారమొసగు చట్టము కాలిఫోర్నియాలో 1917 నుండియు ఉన్నను, స్వంత ఇంజనీరింగు శాఖగల నగరములకు మినహాయింపు కలదు. మా దృష్టిలో కట్టకు పడిన మొదటి బీట ఇదియే.

1928 మార్చి 7వ తేదీన జలాశయము అంచువఱకు నిండెను. 12వ తేదీ ఉదయమున పడమటిగట్టువద్ద బురదనీరు ఊరుచున్నదని కావలివాడు కబురుపెట్టెను. తేటనీరైనచో అంతగా భయపడనక్కఱలేదు. బురదనీరు పునాది కొట్టుకొనిపోవుచున్నదనుటకు గుర్తు. మల్‌హాలండ్ వచ్చి సుమారు రెండుగంటలు చూచి, ఆ బురద ప్రక్కబాట మట్టిదని నిర్ణయించి, అపాయము లేదని వెడలిపోయెను. ఆ రాత్రి పండ్రెండుకు మూడు నిమిషములుండగా కట్ట తెగెను. తెల్లవారులోపల వఱద 54 మైళ్లు నడచి పసిఫిక్ సముద్రమున కలిసెను. నాలుగువందలకు పైగా జనులు మరణించిరి. కావలివాడును వాని ఆఱేండ్ల కుమారుడును మొదట బలియైన వారిలోనివారు.

డైనమైట్ పెట్టిరేమో యని కొందఱు అనుమానించిరి. మల్‌హాలండ్ మాత్రము విచారణలో నేరము ఇతరులపై త్రోయక, తప్పున్నచో అది తనదేయనెను; చచ్చినవారే అదృష్టవంతులను భావమును వెలిబుచ్చెను. జ్యూరీవారు క్రిమినల్ నేరము కనబడదనిరి గాని, మహాకట్టల నిర్మాణమును ఒక్కని బుద్ధికే వదలరాదని స్పష్టముగా చెప్పిరి. 1929లో శాసనసభ ఆ మినహాయింపును తొలగించెను.

తూర్పుగట్టు అతిప్రాచీనకాలమున విఱిగిపడిన కొండచఱియ యనియు, దానిని ఆనాటి శాస్త్రము గుర్తింపజాలకుండెననియు 1990 దశకమున పరిశోధకులు చూపిరి. ఆ మేరకు ఆయన భారము తగ్గవలసినదే. కాని పడమటి రాయిని తెలిసికొనుటకు క్రొత్త శాస్త్రముతో పనిలేదు. గ్లాసెడు నీరు చాలును. ప్రమాదానంతరము పరీక్షకులు చేసినది అదియే.

ఆయన 1928లోనే ఉద్యోగము విడిచి, 1935లో మరణించెను. ఆయన పేరిటనే హాలీవుడ్ కొండలలో 1924లో కట్టిన మఱియొక కట్ట కలదు. ప్రమాదానంతరము దాని నీటిమట్టమును తగ్గించి, 1933-34లో ముందువైపున మన్ను పోయించి చెట్లు నాటిరి. క్రింద కాపురమున్నవారికి ఆ కాంక్రీటు గోడ కంటబడదు.