రేచర్ల రుద్రుడు

రేచర్ల రుద్రుడు ఓరుగల్లు నేలిన కాకతీయ గణపతిదేవుని సేనాని, పాలంపేటలోని రామప్ప గుడి నిర్మాత. 1199 ప్రాంతంలో దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధంలో మహాదేవుడు మరణించి, ఆయన కుమారుడు గణపతిదేవుడు బందీ కాగా, సామంతుల తిరుగుబాట్లను అణచి రాజ్యాన్ని నిలబెట్టినది ఈయనే. కాకతీయ రాజ్యభార ధౌరేయుడనే బిరుదు అందువలన వచ్చినదే.

అయితే ఈయన కీర్తి నిలిచినది యుద్ధాల వలన కాదు, కట్టడాల వలన. వరంగల్లుకు సుమారు 65 కి.మీ. దూరంలో, నేటి ములుగు జిల్లాలోని పాలంపేటలో కొండల నడుమ కట్ట వేయించి పెద్ద చెరువును, దానికి చేరువలో రుద్రేశ్వరాలయాన్ని నిర్మించాడు. 1213 మార్చి 31న ప్రతిష్ఠ జరిగినట్లు శాసనం తెలుపుతున్నది. ఇక్కడ నేలతో, నీటితో పోరాడక వాటికి అనువుగా కట్టడమే విశేషం. పునాదిని ఇసుకతో నింపారు. శిఖర భారం తగ్గించడానికి నీటిపై తేలే ఇటుకలు వాడారు. రంగమంటపానికి చుట్టూ గోడలు లేవు. అరుగులపై కూర్చున్నవారికి గాలి, వెలుతురు ధారాళంగా అందుతాయి. లోపలి నేల అక్కడక్కడ కుంగినా శిఖరం చెక్కుచెదరలేదు.

2021 జూలై 25న యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. జనశ్రుతిలో గుడికి, చెరువుకు కూడా శిల్పి రామప్ప పేరే స్థిరపడినది. రుద్రుని పేరు శాసనానికే పరిమితమైంది. చెరువు నేటికీ పరిసర గ్రామాల పొలాలను తడుపుతున్నది.